క్రాప్ గీతను ఫోటో బయటికి లాగినప్పుడు కొత్త జాగాలో ఏ రంగు రావాలో మీరే ఎలా నిర్ణయించాలి

మిర్యాలగూడ నుంచి ఒక స్టూడియో కుర్రాడు ఫోన్ చేస్తాడు: "అన్నా, తల పైన కొంచెం జాగా కావాలని క్రాప్ గీతను పైకి లాగాను. ఆ జాగా అంతా నల్లగా వచ్చింది." గద్వాల నుంచి చీరలు అమ్మే ఒక అక్క: "నాకు నలుపూ రావడం లేదు, తెలుపూ రావడం లేదు. చదరంగం బల్లలాగా గళ్లు వస్తున్నాయి." దేవరకొండ నుంచి ఇంకొకాయన: "నిన్న తెల్లగా వచ్చింది, ఇవాళ ఎర్రగా వస్తోంది. నేను ఏమీ మార్చలేదు."

మార్చారు. ఎప్పుడు మార్చారో గుర్తు లేదు, అంతే. నల్లగొండలో మా డీటీపీ సెంటర్‌లో కూర్చుని ఈ ముగ్గురికీ చెప్పిన జవాబునే ఇక్కడ రాస్తున్నాను. ఇకమీదట ఫోన్ చేసినవాళ్లకు ఇదే పంపిస్తాను.

క్రాప్ అనగానే కత్తిరించడమే అనుకుంటాం. గీతను లోపలికి లాగితే అది కత్తిరించడమే. బయటికి లాగితే మాత్రం ఫోటో చుట్టూ కాగితం పెరిగినట్టు కాన్వాస్ పెరుగుతుంది. పెరిగిన జాగాను దేనితోనో ఒకదానితో నింపాలి కదా. దేనితో నింపాలని ప్రోగ్రాము మిమ్మల్ని ఆగి అడగదు. మీరు అంతకుముందే పెట్టి ఉంచిన మూడు సంగతులు చూసుకుని నింపేస్తుంది: లేయరు (ఫోటో కూర్చున్న పొర) ఏ రకం, క్రాప్ పట్టీలో ఏ టిక్కు ఉంది, కింది రంగు గడిలో ఏ రంగు ఉంది. ఈ మూడూ గీత లాగక ముందే చూసుకోవాలి. లాగాక చూసుకుంటే ఆలస్యమే.

నా సంగతి కూడా చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒకాయన దశదినకర్మకు 12×18 ఫోటో పెద్దది చేస్తున్నాను. అంతకుముందు ఫ్లెక్స్‌లో అక్షరాలకు వాడిన ఎరుపు రంగు గడిలో అలాగే ఉండిపోయింది. కింది వైపు కాస్త పెంచాను. చిన్న స్క్రీన్ మీద చూసుకోకుండా ల్యాబ్‌కు పంపాను. ఫ్రేము కట్టి తెచ్చేసరికి ఫోటో కింద అర అంగుళం ఎర్ర పట్టీ. కొడుకు ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది. అప్పటి నుంచి ఏ ఫోటో తెరిచినా ముందు రంగు గడి చూడటం అలవాటైంది.

పెంచాలా, కోయాలా?

ముందు ఇది తేల్చుకోండి. ఫోన్ ఫోటో ఎక్కువగా 3:4 కొలతలో ఉంటుంది. 12×18 ఫ్రేములో పెట్టాలంటే 12 అంగుళాల వెడల్పుకు ఎత్తు 16 అంగుళాలే వస్తుంది, రెండు అంగుళాలు తక్కువ. కోసి సరిపెడదామంటే 18 అంగుళాల ఎత్తుకు వెడల్పు 13.5 అవుతుంది, అందులో ఒకటిన్నర అంగుళం పోవాలి. పెళ్లి గ్రూప్ ఫోటోలో ఆ ఒకటిన్నర అంగుళంలో మేనమామ ఉంటాడు. ఆయన్ను కోసేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ పెంచడమే దారి. గద్వాల చీర ఫోటో కూడా అంతే: అంచు, కొంగు పోతే కొనేవాళ్లు చూసేది ఏముంటుంది? పక్కన ఖాళీ గోడ ఉంటే మాత్రం నిశ్చింతగా కోయండి, పెంచే బాధే లేదు.

కావలసినవి

- ఫోటో అసలు ఫైలు. వాట్సాప్‌లో మామూలుగా పంపినది కాదు, డాక్యుమెంట్‌గా పంపినది. మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది, అంచుల్లో మరకలు పడతాయి, ఆ మరకల మీద రంగు సరిపోల్చడం కష్టం.
- ఫోటోషాప్, లేదా ఉచితంగా దొరికే గింప్. విండోస్ పెయింట్‌తో కూడా చిన్న పని జరుగుతుంది. లైట్‌రూమ్ మాత్రం ఈ పనికి రాదు, అందులో క్రాప్ గీత ఫోటో దాటి బయటికి పోదు.
- చివరికి కావలసిన కొలత, ఒక కాగితం మీద రాసి. ప్రింటుకైతే అంగుళాల్లో లేదా మిల్లీమీటర్లలో, ఆన్‌లైన్‌కైతే పిక్సెళ్లలో.
- అసలు ఫైలుకు ఒక కాపీ. పని అంతా కాపీ మీదే.

ఫోటోషాప్‌లో: అసలు పద్ధతి

1. ఫోటో తెరిచి ఎఫ్7 నొక్కండి. లేయర్స్ ప్యానెల్ వస్తుంది. అందులో మీ ఫోటో పేరు 'బ్యాక్‌గ్రౌండ్' అని ఉండి పక్కన తాళం గుర్తు ఉందా, లేక 'లేయర్ 0' అని ఉందా? కెమెరా నుంచి వచ్చిన జేపెగ్ అయితే బ్యాక్‌గ్రౌండ్ అనే ఉంటుంది. పీఎన్‌జీ ఫైళ్లు చాలాసార్లు లేయర్ 0గా తెరుచుకుంటాయి. గద్వాల అక్కకు గళ్లు వచ్చింది ఇందుకే: ఆవిడ ఫైలు పీఎన్‌జీ. మామూలు లేయరుకు బ్యాక్‌గ్రౌండ్ రంగు అంటదు, పెరిగిన జాగా పారదర్శకంగా మిగులుతుంది. ఆ గళ్లు 'ఇక్కడ ఏమీ లేదు' అనడానికి గుర్తు, రంగు కాదు.

   లేయర్ 0 ఉంటే రెండు దారులు. ఒకటి: లేయర్ మెనూలో న్యూ, అందులో బ్యాక్‌గ్రౌండ్ ఫ్రమ్ లేయర్. అది మళ్లీ బ్యాక్‌గ్రౌండ్ అవుతుంది. రెండోది: అలాగే ఉంచి పెంచేసి, తరువాత కింద ఇంకో లేయరు పెట్టి రంగు నింపడం. నాకు రెండోదే ఇష్టం, కారణం కాసేపట్లో చెబుతాను.

2. రంగు గడి సరిచూడండి. టూల్స్ పట్టీ అడుగున రెండు గళ్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైది ఫోర్‌గ్రౌండ్, కిందది బ్యాక్‌గ్రౌండ్. కొత్త జాగాను నింపేది కింది గడి. చాలామంది పైగడిలో తెలుపు పెట్టి, కిందిది నల్లగా వదిలేసి, నలుపు ఎందుకు వచ్చిందని అడుగుతారు. మిర్యాలగూడ కుర్రాడి తప్పు ఇదే. దేవరకొండ ఆయనకు ఎరుపు వచ్చింది కూడా ఈ గడిలో మిగిలిపోయిన రంగు వల్లే.

   తెలుపు కావాలంటే డి కీ నొక్కండి: పైన నలుపు, కింద తెలుపు వస్తాయి. వేరే రంగు కావాలంటే కింది గడి మీద నొక్కి అంకెలు ఇవ్వండి. ఫోటోలో ఉన్న రంగే కావాలంటే ఐడ్రాపర్ (ఫోటోలోని రంగును తీసుకునే టూల్) తీసుకుని ఆల్ట్ పట్టుకుని ఫోటో మీద నొక్కండి. ఆల్ట్ లేకుండా నొక్కితే రంగు పైగడిలోకి పోతుంది, అది మనకు అక్కరకు రాదు.

   జాగ్రత్త: పైది కిందికి, కిందది పైకి మార్చడానికి ఎక్స్ కీ వాడే అలవాటు ఉంటే, క్రాప్ టూల్ తీసుకోక ముందే వాడండి. కొత్త వెర్షన్లలో క్రాప్ గీత తెర మీద ఉన్నప్పుడు ఎక్స్ నొక్కితే రంగులు మారవు, నిలువు గీత అడ్డం అవుతుంది. అప్పుడు కంగారుపడి ఎంటర్ నొక్కినవాళ్లను చూశాను.

3. సి కీ నొక్కండి. పై పట్టీలో 'డిలీట్ క్రాప్డ్ పిక్సెల్స్' అనే టిక్కు ఉంటుంది. ఇది ఉంటేనే బ్యాక్‌గ్రౌండ్ లేయరు బ్యాక్‌గ్రౌండ్‌గా నిలుస్తుంది, కొత్త జాగాలో కింది గడి రంగు వస్తుంది. టిక్కు తీసేస్తే ఫోటోషాప్ నిశ్శబ్దంగా మీ బ్యాక్‌గ్రౌండ్‌ను లేయర్ 0గా మార్చేసి జాగాను పారదర్శకం చేస్తుంది. రంగు గడిలో ఏది ఉన్నా లెక్క చేయదు.

   అదే పట్టీలో ఇంకొకటి చూడాలి. పాత వెర్షన్లలో 'కంటెంట్ అవేర్' అనే టిక్కు, కొత్తవాటిలో 'ఫిల్' అనే జాబితా. ఒకే రంగు కావాలంటే ఆ టిక్కు తీసేయాలి, లేదా జాబితాలో మామూలుగా ఉండే మొదటిదాన్నే ఉంచాలి. లేకపోతే ఫోటోషాప్ చుట్టుపక్కల చూసి దానికి తోచింది గీస్తుంది.

4. గీతను బయటికి లాగండి. ఆల్ట్ పట్టుకుని లాగితే ఎదుటి వైపు కూడా అంతే పెరుగుతుంది. గీత ఫోటో అంచుకే అతుక్కుని కదలకపోతే కంట్రోల్ పట్టుకుని లాగండి. కొలత గళ్లలో పాత అంకెలు ఉంటే క్లియర్ నొక్కాకే మొదలుపెట్టండి. రిజల్యూషన్ గడిలో అంకె మిగిలిపోతే ఫోటో సైజు కూడా మారిపోతుంది, రంగు సంగతి చూసుకుంటూ అది గమనించరు.

5. ఎంటర్. వెంటనే కొత్త జాగా చూడండి. తప్పు వస్తే కంట్రోల్ జడ్. తప్పు రంగు వచ్చాక దాని మీద తెల్ల బ్రష్ తిప్పి కప్పేద్దామనుకోవద్దు. అంచు దగ్గర బ్రష్ ఫోటో మీదికి కాస్తైనా ఎక్కుతుంది.

ఫోటోషాప్ 7 వాడేవాళ్లు మా దగ్గర ఇంకా ఉన్నారు. తెలుగు డీటీపీ చేసేవాళ్లకు అది అలవాటైన ఎద్దు లాంటిది, బరువు లాగుతుంది, మారడానికి మనసు రాదు. అందులోనూ ఇది జరుగుతుంది. ముందు ఫోటో మీద క్రాప్ గీత గీసి, కిటికీని పెద్దది చేసి, మూలలను బూడిదరంగు భాగంలోకి లాగి ఎంటర్ నొక్కండి. నింపేది కింది గడి రంగే.

రంగు అడిగి నింపే దారి: కాన్వాస్ సైజ్

గీత లాగడం మీద నమ్మకం కుదరకపోతే ఇమేజ్ మెనూలో కాన్వాస్ సైజ్ తీసుకోండి. ఆల్ట్, కంట్రోల్, సి కలిపి నొక్కినా వస్తుంది. కొలతలు ఇవ్వండి, బాణాల గడిలో ఫోటో ఎక్కడ నిలవాలో చూపండి. అడుగున 'కాన్వాస్ ఎక్స్‌టెన్షన్ కలర్' అని ఉంటుంది: ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్, వైట్, బ్లాక్, గ్రే, అదర్. అదర్ నొక్కితే ఏ రంగైనా ఇవ్వొచ్చు. రంగును పేరు పెట్టి అడిగేది ఇదొక్కటే. ఈ వరుస మసకబారి నొక్కుడు పడకపోతే మీ ఫైలులో బ్యాక్‌గ్రౌండ్ లేయరు లేదని అర్థం, మొదటి మెట్టుకు వెళ్లండి. ఫోటోషాప్ 7లో ఈ వరుసే ఉండదు, అక్కడ నేరుగా కింది గడి రంగు.

పాస్‌పోర్టు సైజుకు నేను ఇదే వాడతాను. 35×45 మిల్లీమీటర్లు, రిజల్యూషన్ అంగుళానికి 300 పిక్సెళ్ల దగ్గర 413×531 పిక్సెళ్లు. తల పైన జాగా చాలక, ఫోటో వెనక తెల్ల గుడ్డే ఉంటే, పైకి మాత్రమే పెరిగేలా బాణాన్ని కింది మధ్యలో పెట్టి వైట్ ఇస్తాను. తల వెంట్రుకలే ఫోటోలో తెగిపోయి ఉంటే మాత్రం పెంచి లాభం లేదు. చదునుగా కోసిన తల మీద తెల్ల పట్టీ వస్తుంది. మళ్లీ కూర్చోబెట్టి తీయండి.

ఒకే కొలతలో యాభై ఫోటోలు చేయాలంటే యాక్షన్ (ఒకసారి చేసిన పనిని గుర్తుపెట్టుకుని మళ్లీ అదే చేసేది) రికార్డు చేసేటప్పుడు క్రాప్ కాకుండా కాన్వాస్ సైజే రికార్డు చేయండి, రంగు 'వైట్' అని పేరు పెట్టి. 'బ్యాక్‌గ్రౌండ్' అని రికార్డు చేస్తే, నడిపే రోజు గడిలో ఏముంటే అది యాభై ఫోటోలకూ పూసుకుంటుంది.

కింద వేరే లేయరు పెట్టడం: నాకు నచ్చింది

'డిలీట్ క్రాప్డ్ పిక్సెల్స్' టిక్కు తీసేసి క్రాప్ చేయండి. గళ్లు వస్తాయి. కంట్రోల్ పట్టుకుని కొత్త లేయరు బొమ్మ మీద నొక్కితే ఫోటో కిందే కొత్త లేయరు వస్తుంది. కావలసిన రంగును కింది గడిలో పెట్టి కంట్రోల్, బ్యాక్‌స్పేస్ కలిపి నొక్కండి. నిండుతుంది.

ఎందుకు నచ్చిందంటే, ఇంటాయన వచ్చి "తెలుపు వద్దు, గోధుమరంగు పెట్టు" అంటాడు. అది పెట్టాక వాళ్లావిడ వచ్చి "ముందుదే బాగుంది" అంటుంది. ఈ పద్ధతిలో కింది లేయరు ఒక్కటి మారిస్తే చాలు, ఫోటోను ముట్టుకోనక్కర్లేదు. కోసిన భాగం కూడా దాగి ఉంటుంది, కావాలంటే మళ్లీ బయటికి లాగొచ్చు. ఈ ఫైలు పీఎస్‌డీగా (లేయర్లు విడివిడిగా నిలిచే ఫోటోషాప్ ఫైలు) దాచుకోండి.

గింప్‌లో

గింప్‌లో ఇమేజ్ మెనూలో కాన్వాస్ సైజ్ తీసుకుని, 'రిసైజ్ లేయర్స్' అన్నచోట ఆల్ లేయర్స్, 'ఫిల్ విత్' అన్నచోట బ్యాక్‌గ్రౌండ్ కలర్ పెట్టండి. మొదటిది మార్చకుండా వదిలితే లేయరు పెరగదు, కాన్వాసే పెరుగుతుంది, రంగు ఎందుకు నిండలేదని తల పట్టుకుంటారు. క్రాప్ టూల్‌తోనే చేయాలంటే 'అలౌ గ్రోయింగ్' టిక్కు పెట్టి గీతను బయటికి లాగండి. పెరిగిన జాగా గళ్లుగా కనిపిస్తే బ్యాక్‌గ్రౌండ్ రంగు సరిచూసుకుని, ఇమేజ్ మెనూలో ఫ్లాటెన్ ఇమేజ్ నొక్కండి, ఆ రంగు నిండుతుంది.

పెయింట్‌లో ఫోటో చుట్టూ ఉండే చిన్న చదరపు పట్టులను బయటికి లాగితే 'కలర్ 2'లో ఉన్న రంగు నిండుతుంది. ముందు 'కలర్ 2' మీద నొక్కి, తరువాత రంగుల పలకలో కావలసిన రంగు మీద నొక్కితే అది కలర్ 2 అవుతుంది. ఫోన్‌లో స్నాప్‌సీడ్ వాడేవాళ్లకు ఎక్స్‌పాండ్‌లో తెలుపు, నలుపు, స్మార్ట్ అనే మూడే ఉంటాయి. మీ రంగు మీరు ఇచ్చుకునే వీలు అక్కడ లేదు.

తెలుపు పక్కన తెలుపు పెడితే గీత ఎందుకు కనిపిస్తుంది

అసలు చిక్కు ఇక్కడుంది. ఎర్ర పట్టీ ఎవరికైనా కనిపిస్తుంది. ప్రాణం తీసేది తెలుపే.

గద్వాల అక్క చీర ఫోటోనే చూడండి. వెనక తెల్ల గుడ్డ కట్టి తీసింది. కంటికి తెలుపే. ఐడ్రాపర్ పెట్టి చూస్తే ఎడమ పక్క ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు వరుసగా 243, 241, 236 (మూడూ 255 అయితే నిండు తెలుపు, మూడూ 0 అయితే నిండు నలుపు). అంటే కొంచెం పసుపు కలిసిన తెలుపు. దాని పక్కన 255, 255, 255 తెలుపు నింపితే గీత గీసినట్టు అతుకు కనిపిస్తుంది. సరే, 243, 241, 236నే నింపాను. ఎడమ పక్క కలిసిపోయింది. కుడి పక్క చూస్తే మళ్లీ అతుకు. ఎందుకంటే కిటికీ ఎడమ వైపు ఉంది, కుడి వైపు గుడ్డ కాస్త నీడలో పడి 228 దగ్గర ఉంది. ఒకే రంగు రెండు పక్కలకూ సరిపోదు.

ఇలాంటప్పుడు చేయవలసినవి:

1. ఐడ్రాపర్ తీసుకోగానే పై పట్టీలో శాంపిల్ సైజ్ చూడండి. మామూలుగా 'పాయింట్ శాంపిల్' ఉంటుంది, అంటే ఒకే ఒక చుక్క రంగు. ఫోన్ ఫోటోలో పక్కపక్క చుక్కలే ఒక రంగులో ఉండవు. దాన్ని 5 బై 5 ఆవరేజ్ లేదా 31 బై 31 ఆవరేజ్ చేయండి.

2. పెంచబోయే అంచుకు దగ్గరగా రంగు తీసుకోండి, ఫోటో మధ్యలో కాదు. ఒక్కో పక్కను దాని దాని రంగుతో విడివిడిగా పెంచండి. ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి.

3. అప్పటికీ కలవకపోతే రంగు నింపడం మానేసి అంచునే సాగదీయండి. ముందు కాన్వాస్ పెంచండి. ఫోటో అంచున సన్నని నిలువు పట్టీని మార్కీతో (నలుచదరంగా ఎంచుకునే టూల్) ఎంచుకుని, కంట్రోల్, టి నొక్కి, పక్క పట్టును పట్టుకుని (కొత్త వెర్షన్లలో షిఫ్ట్ కూడా నొక్కి) కొత్త జాగా చివరిదాకా లాగండి. వెలుగు పైనుంచి కిందికి ఎలా తగ్గుతోందో అలాగే సాగుతుంది. గోడ, గుడ్డ, ఆకాశం లాంటివాటికి ఇది చక్కగా పనిచేస్తుంది. సాగదీసిన చోట అడ్డంగా చారలు పడతాయి, కాస్త బ్లర్ చేసి, ఫోటోలో ఉన్నంత నాయిస్ (సన్నని చుక్కలు) కలిపితే కలిసిపోతుంది. పట్టీలో చీర అంచు ఒక్క పోగు కూడా లేకుండా చూసుకోండి. ఉంటే ఆ పోగు జానెడు దూరం సాగుతుంది.

4. కొనేవాళ్ల సైటుకు స్వచ్ఛమైన తెలుపే కావాలంటే ఎదురు దారి: ముందు లెవెల్స్‌తో (వెలుగునీడలు సరిచేసే పరికరం) ఫోటో వెనకటి గుడ్డనే 255కు తెచ్చి, తరువాత తెలుపుతో పెంచండి. కానీ చీరలో తెల్ల పోగు, లేత జరీ ఉంటే అవి కూడా ఎగిరిపోతాయి. అలాంటి చీరను గుడ్డ నుంచి విడదీసి కొత్త తెలుపు మీద పెట్టడమే మంచిది.

నల్ల ఫోటోలకూ ఇదే కథ. నల్లగొండ పక్కనే ఉన్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం లోపల తీసిన ఫోటో ఒకటి ఫ్లెక్స్‌కు అడ్డంగా పెంచాల్సి వచ్చింది. గర్భగుడి చీకటి కదా అని నలుపు నింపాను. రాతి చీకటిలో గోధుమ ఛాయ ఉంటుంది, మూల దగ్గర అంకెలు 22, 17, 13. దాని పక్కన 0, 0, 0 పెడితే గుడి పక్కన బొగ్గు సంచి పెట్టినట్టుంది. మూలలోని రంగే తీసుకుని నింపాక కుదిరింది.

ఇలాంటి ఫోటోలను కంటెంట్ అవేర్‌తోనో, ఏఐతో గీయించే జెనరేటివ్ ఎక్స్‌పాండ్‌తోనో పెంచమని సలహా ఇస్తారు. ఆకాశానికి, నాగార్జునసాగర్ నీళ్లకు నాకు అభ్యంతరం లేదు. కానీ పానగల్లులోనే ఉన్న పచ్చల సోమేశ్వరాలయం గోడల నిండా ఉన్న శిల్పాల పక్కన అది కొత్త శిల్పాలను కల్పిస్తుంది, ఎవరూ చెక్కనివి. అవి నిజమనుకుని చూసేవాళ్లుంటారు. అక్కడ మాత్రం ఉత్త రంగే నింపండి. గుర్తింపు కార్డు ఫోటోలకు కూడా ఆ కల్పించేవి వద్దు. అంచున మనిషి ఉన్న ఫోటోల్లో కంటెంట్ అవేర్ ఇంకో మోచేయి మొలిపిస్తుంది.

తరచూ జరిగే తప్పులు

వెంట్రుకంత తెల్ల గీత. ఫోటోను కోద్దామనే అనుకున్నారు, పెంచుదామని కాదు. కానీ గీత ఒక వైపు రెండు పిక్సెళ్లు బయటికి పోయింది. అంచున సన్నని తెల్ల గీత పడుతుంది. తెర మీద కనిపించదు, ప్రింటులో కనిపిస్తుంది. కోసే పనిలో గీతను అంచుకు రెండు మూడు పిక్సెళ్లు లోపలే పెట్టుకోండి.

వంకర సరిచేసినప్పుడు మూలలు. సాగర్ డ్యామ్ ఫోటోలో కట్ట గీత ఏటవాలుగా ఉందని క్రాప్‌లోనే తిప్పారనుకోండి. గీత ఫోటోను దాటిన మూలల్లో ముక్కోణాలు ఏర్పడతాయి, వాటినీ కింది గడి రంగే నింపుతుంది. నాలుగు మూలలూ విడిగా చూడండి.

పాత నలుపు తెలుపు ఫోటోకు రంగు పట్టకపోవడం. తాతగారి ఫోటో స్కాన్ చేసి చుట్టూ మెరూన్ పెట్టమంటారు, ఏ రంగు ఇచ్చినా బూడిదే వస్తుంది. ఫైలు గ్రేస్కేల్ మోడ్‌లో ఉంది. ఇమేజ్ మెనూలో మోడ్, ఆర్‌జీబీ కలర్ చేసి మళ్లీ నింపండి.

పారదర్శకంగా ఉంచి జేపెగ్‌గా సేవ్ చేయడం. జేపెగ్‌కు పారదర్శకం అంటే తెలియదు. ఫోటోషాప్ అక్కడ తెలుపు పెడుతుంది, గింప్ బ్యాక్‌గ్రౌండ్ గడిలో ఉన్న రంగు పెడుతుంది. పీఎన్‌జీగానే వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకు కొన్నిసార్లు నల్లగా కనిపిస్తుంది. పంపే ముందే రంగు నింపి పంపండి.

తెల్ల జాగాతో ప్రింటుకు పంపడం. కాగితం తెలుపే, మీ జాగా తెలుపే. కోసేవాడికి ఎక్కడ ఆపాలో తెలియక ఫోటో అంచు దాకా కోసేస్తాడు. బయటి అంచున లేత బూడిద గీత ఒకటి పెట్టి, అక్కడి దాకా కోయమని చెప్పండి.

సరిగ్గా వచ్చిందో లేదో చూడటం

కన్ను ఒక్కదాన్నే నమ్మవద్దు. ఎఫ్8 నొక్కితే ఇన్ఫో ప్యానెల్ వస్తుంది. మౌస్‌ను ఫోటో నుంచి కొత్త జాగాలోకి మెల్లగా జరుపుతూ అంకెలు చూడండి. అంచు దగ్గర రెండు మూడు అంకెల తేడా ఉంటే పరవాలేదు. ఒక్కసారిగా పది దూకితే ప్రింటులో గీత కనిపిస్తుంది.

ఇంకా గట్టి పరీక్ష: అన్నింటికంటే పైన లెవెల్స్ అడ్జస్ట్‌మెంట్ లేయరు పెట్టి, నల్ల బాణాన్ని కుడికి బాగా తోయండి. తెల్లగా కనిపించిన జాగాలో దాగిన తేడాలన్నీ బయటపడతాయి. అతుకు ఉంటే అక్కడ గోడకు పగులు పడ్డట్టు కనిపిస్తుంది. చీకటి ఫోటో అయితే తెల్ల బాణాన్ని ఎడమకు తోయండి. చూశాక ఆ లేయరు తీసేయడం మరవకండి. ఒకసారి మరచి పంపాను, బొగ్గు గీసినట్టు ఉన్న చీర ఫోటో చూసి అక్క నవ్వింది.

తరువాత నూరు శాతం జూమ్‌లో నాలుగు అంచులూ, నాలుగు మూలలూ. ఆ పైన ఫైలు మూసి, మళ్లీ తెరిచి చూడండి, సేవ్ అయింది ఏమిటో అప్పుడే తెలుస్తుంది. దాన్ని ఫోన్‌కు పంపుకుని, ఫోన్ డార్క్ థీమ్‌లో ఉండగా తెరవండి. నల్ల తెర మీద అనుకోని తెల్ల గీత కంటికి తగులుతుంది. పెద్ద ప్రింటుకైతే, 12×18 వేసే ముందు అతుకు ఉన్న భాగాన్ని మాత్రం 4×6లో వేసి, దుకాణం బయటికి తీసుకెళ్లి ఎండలో చూడండి. ట్యూబ్‌లైటు కింద కలిసిపోయిన రెండు తెలుపులు నల్లగొండ ఎండలో విడిపోతాయి.

పని అయ్యాక, లేచే ముందు, డి కీ ఒకసారి నొక్కండి. తరువాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకు మీ ఎరుపు అంటకుండా ఉంటుంది.